విలీనం తర్వాత మధ్యలో మిగిలిన ఓటరు: అల్బర్టాలో పదేళ్ల కూడికలు, తీసివేతలు

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో 2015 ఎన్నికల్లో అల్బర్టా పార్టీ అనే చిన్న పార్టీకి 2.2 శాతం ఓట్లు వచ్చాయి. ఒక సీటు గెలిచింది. 2019లో ఓట్ల శాతం నాలుగింతలై 9.1కి చేరింది. లక్షా డెబ్భై వేల మందికి పైగా దానికి ఓటేశారు. సీట్లు మాత్రం సున్నా. 2023కి వచ్చేసరికి ఆ ఓట్లన్నీ కరిగిపోయి 0.7 శాతం మిగిలాయి.

ఈ మూడు ఎన్నికల మధ్య అక్కడ రెండు కన్సర్వేటివ్ పార్టీలు కలిసి ఒకటయ్యాయి. ఆ కొత్త పార్టీకి ఒక నాయకుడు వచ్చి వెళ్లాడు, మరో నాయకురాలు వచ్చింది. అటు పూర్తిగా కుడివైపూ ఇటు పూర్తిగా ఎడమవైపూ లేని ఓటర్లు ఎక్కడ నిలబడాలో తెలియక ప్రతి ఎన్నికకూ ఒక చోటికి మారారు. ఇప్పుడు మళ్లీ ఆ చర్చ వేడెక్కింది. కెనడా నుంచి అల్బర్టా విడిపోవాలన్న వాదన 2025 నుంచి జోరందుకుంది, పాత పార్టీని బతికిస్తామని ఇద్దరు ఎమ్మెల్యేలు బయల్దేరారు, తర్వాతి ఎన్నికలు 2027 అక్టోబరులో ఉన్నాయి. కాల్గరీ, ఎడ్మంటన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత ఊరి రాజకీయమే. మిగతా మనకు కూడా తెలుసుకోదగ్గ విషయం, ఎందుకంటే ఓట్లు లెక్కపెట్టే పద్ధతి వాళ్లదీ మనదీ ఒకటే.

ముందుగా కొన్ని మాటలకు అర్థాలు

అల్బర్టా శాసనసభలో 87 సీట్లు. అక్కడ కూడా సభ్యులను ఎమ్మెల్యేలనే అంటారు. ముఖ్యమంత్రి స్థానంలో ఉండే వ్యక్తి ప్రీమియర్. నియోజకవర్గంలో అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు, సగం దాటాల్సిన పని లేదు. రాష్ట్రం మొత్తమ్మీద ఎన్ని ఓట్లు వచ్చాయన్నదానికి విడిగా విలువ ఉండదు.

రెండు విషయాల్లో మాత్రం మన పద్ధతికీ వాళ్ల పద్ధతికీ తేడా ఉంది. ఒకటి, అక్కడ పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు. ఎమ్మెల్యే పార్టీ మారినా పదవి పోదు. రెండు, పార్టీ నాయకుణ్ని అధిష్ఠానం నియమించదు, సభ్యత్వం ఉన్నవాళ్లందరూ ఓటేసి ఎన్నుకుంటారు. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా సభ్యత్వం తీసుకోవచ్చు. ఈ రెండో తేడా చాలా పెద్దది, కింద దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కన్సర్వేటివ్ అంటే స్థూలంగా పన్నులు తక్కువ ఉండాలి, ప్రభుత్వం జోక్యం తక్కువ ఉండాలి, వ్యాపారానికి అడ్డంకులు ఉండకూడదు అనే పక్షం. కెనడాలో ఈ పక్షం లోపలే ఒక పాత పాయ ఉంది. ఖర్చు జాగ్రత్తగా పెట్టాలంటుంది కానీ ప్రభుత్వ ఆసుపత్రులూ బడులూ బాగుండాలంటుంది, ఎవరి వ్యక్తిగత జీవితం వాళ్లదని వదిలేస్తుంది. ఆ పాయ వాళ్లను రెడ్ టోరీలు అంటారు. ఎడమవైపు ప్రధాన పార్టీ న్యూ డెమోక్రటిక్ పార్టీ, పొట్టిగా ఎన్డీపీ. కార్మిక సంఘాల అండతో పుట్టింది.

ఇక మధ్యేవాద ఓటరు. ప్రతి ప్రశ్నకూ సగం సగం సమాధానం చెప్పే మనిషి అనుకుంటే పొరపాటు. కాల్గరీలో ఒక చమురు కంపెనీ ఇంజనీరును ఊహించుకోండి. పైప్‌లైన్ తప్పకుండా వేయాలంటాడు, ఆ మాటలో అతను పక్కా కుడివైపు. ఆసుపత్రి మాత్రం ప్రభుత్వమే నడపాలంటాడు, అందులో ఎడమవైపు. ఇలాంటివాళ్లకు రెండు వైపులా కొంత నచ్చుతుంది, కొంత నచ్చదు. ఎవరు తక్కువ ఇబ్బంది పెడతారో చూసి ఓటేస్తారు.

విలీనానికీ పొత్తుకూ తేడా మనకు కొత్త కాదు. పొత్తులో పార్టీలు విడిగానే ఉండి సీట్లు పంచుకుంటాయి, నచ్చకపోతే విడిపోతాయి. విలీనంలో వెనక్కి దారి లేదు. అందులోనూ రెండు రకాలు. 2009లో 18 సీట్లు గెలిచిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసినప్పుడు చిన్నది పెద్దదానిలో ఇమిడిపోయింది. అల్బర్టాలో జరిగింది ఇంకో రకం. రెండు పార్టీలూ తమ పేర్లు వదులుకుని మూడో పేరుతో కొత్త పార్టీ పెట్టాయి.

44 ఏళ్లు ఏలిన పార్టీ ఎలా చీలింది

1971లో పీటర్ లౌహీడ్ నాయకత్వంలో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ, అంటే పీసీ పార్టీ, అల్బర్టాలో అధికారంలోకి వచ్చింది. 2015 దాకా దిగలేదు. అంత కాలం ఒక పార్టీ నిలబడిందంటే దానిలో అన్ని రకాల వాళ్లూ ఉన్నారని అర్థం. పల్లెల్లో రైతులు, కాల్గరీ చమురు కంపెనీల వాళ్లు, ఎడ్మంటన్ ప్రభుత్వోద్యోగులు, పన్నులు వద్దనేవాళ్లు, ఆసుపత్రులు కావాలనేవాళ్లు అందరూ ఒకే చోట సర్దుకున్నారు. నిజమైన పోటీ ఎన్నికల్లో కాక పార్టీ లోపల నాయకుణ్ని ఎన్నుకునేటప్పుడు జరిగేది.

2007లో ప్రీమియర్ ఎడ్ స్టెల్‌మాక్ చమురు, గ్యాస్ కంపెనీలు ప్రభుత్వానికి కట్టాల్సిన రాయల్టీ పెంచడానికి పూనుకున్నారు. కంపెనీలకు కోపం వచ్చింది. పల్లెల్లో అప్పటికే అసంతృప్తి ఉంది. ఈ రెండూ కలిసి వైల్డ్‌రోజ్ అనే మరింత కుడివైపు పార్టీకి ఊపిరి పోశాయి. 2009లో దానికి నాయకురాలిగా వచ్చిన వ్యక్తి డానియల్ స్మిత్. ఈ పేరు గుర్తుంచుకోండి.

2012 ఎన్నికల్లో వైల్డ్‌రోజ్ గెలుస్తుందని సర్వేలన్నీ చెప్పాయి. గెలవలేదు. ఆ పార్టీ అభ్యర్థి ఒకరు స్వలింగ సంపర్కుల గురించి గతంలో రాసిన మాటలు ప్రచారం చివర్లో బయటపడ్డాయి, నాయకురాలు అతన్ని తప్పించలేదు. నగరాల్లోని మధ్యేవాదులు బెదిరిపోయారు. 2008లో 26 శాతం ఉన్న మధ్యేవాద లిబరల్ పార్టీ ఓట్లు 2012లో 10 శాతానికి పడ్డాయి, పీసీలు 61 సీట్లతో గట్టెక్కారు. వైల్డ్‌రోజ్‌ను ఆపడానికి చాలామంది లిబరల్ ఓటర్లు పీసీకి ఓటేశారన్నది అప్పట్లో అందరూ చెప్పిన విశ్లేషణ. అల్బర్టాలో మధ్యేవాదులు ఒక చోట కూడడం అనేది కొత్తగా మొదలైంది కాదు, 2012లోనే ఒకసారి జరిగింది. వాళ్లు కూడింది ఒక ఆశయం కోసం కాక, ఒక పార్టీని ఆపడం కోసం.

2015: గెలిచిన ఓట్లు ఎక్కువ, గెలిచిన సీట్లు తక్కువ

2014 డిసెంబరులో డానియల్ స్మిత్‌తో సహా తొమ్మిది మంది వైల్డ్‌రోజ్ ఎమ్మెల్యేలు గోడ దూకి పీసీల్లో చేరారు. ప్రతిపక్ష నాయకురాలే అధికార పక్షంలో చేరడం ప్రజలకు అస్సలు నచ్చలేదు. వైల్డ్‌రోజ్ పని అయిపోయిందనుకుని పీసీ ప్రీమియర్ జిమ్ ప్రెంటిస్ ముందస్తు ఎన్నికలకు వెళ్లారు.

2015 మే 5న ఫలితాలు ఇలా వచ్చాయి. ఎన్డీపీకి 40.6 శాతం ఓట్లు, 54 సీట్లు. పీసీలకు 27.8 శాతం. వైల్డ్‌రోజ్‌కు 24.2 శాతం, 21 సీట్లు. వైల్డ్‌రోజ్ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పీసీలకు చివరికి మిగిలింది 9 సీట్లు. వైల్డ్‌రోజ్ ఓట్లు పల్లెల్లో గుట్టగా ఉన్నాయి, పీసీల ఓట్లు రాష్ట్రమంతా పలచగా పరుచుకున్నాయి. ఫలితాల రాత్రే ప్రెంటిస్ తను గెలిచిన కాల్గరీ ఫుట్‌హిల్స్ సీటు కూడా వదిలేశారు. ఆ సెప్టెంబరులో జరిగిన ఉపఎన్నికలో అక్కడ వైల్డ్‌రోజ్ తరఫున గెలిచింది ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి కాల్గరీ చమురు రంగంలో పనిచేసిన ఇంజనీరు ప్రసాద్ పాండా. ఒక పీసీ ప్రీమియర్ వదిలిన సీటు తెలుగువాడైన వైల్డ్‌రోజ్ అభ్యర్థికి దక్కింది.

పీసీ, వైల్డ్‌రోజ్ ఓట్లు కలిపితే 52 శాతం. ఈ ఒక్క అంకె మీదే విలీనం వాదమంతా నిలబడింది. రెండూ కలిస్తే ఎన్డీపీ ఎన్నటికీ గెలవదు అన్నారు.

విలీనం ఎలా జరిగింది

ఈ పని భుజానికెత్తుకున్న వ్యక్తి జేసన్ కెన్నీ, దేశ ప్రధానిగా స్టీఫెన్ హార్పర్ ఉన్నప్పుడు కేంద్ర మంత్రి. ఆయన ఎంచుకున్న దారి విచిత్రమైనది. 2017 మార్చిలో పీసీ పార్టీ నాయకత్వానికి పోటీ చేశారు, నన్ను గెలిపిస్తే ఈ పార్టీని మూసేసి కొత్త పార్టీలో కలుపుతాను అని చెప్పి మరీ గెలిచారు. 2017 జులైలో రెండు పార్టీల సభ్యులూ విలీనంపై ఓటేశారు. రెండు చోట్లా దాదాపు 95 శాతం సరే అన్నారు. అలా యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ, యూసీపీ, పుట్టింది. అక్టోబరులో వైల్డ్‌రోజ్ నాయకుడు బ్రయాన్ జీన్‌ను ఓడించి కెన్నీ దాని నాయకుడయ్యారు. ప్రసాద్ పాండా కూడా తన పార్టీతో పాటే ఇందులోకి వచ్చారు, 2019లో యూసీపీ ప్రభుత్వంలో మౌలిక సదుపాయాల మంత్రి అయ్యారు.

95 శాతం అంటే పార్టీలో అందరూ సంతోషించినట్టు కనబడుతుంది. నా ఉద్దేశంలో ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. వద్దనుకున్నవాళ్లలో చాలామంది అప్పటికే వెళ్లిపోయారు, ఓటెయ్యడానికి లేరు. పీసీ ఎమ్మెల్యే సాండ్రా జాన్సెన్ నాయకత్వ పోటీలో వేధింపులు ఎదుర్కొన్నానని చెప్పి 2016 నవంబరులోనే ఎన్డీపీలో చేరారు. రిచర్డ్ స్టార్క్ యూసీపీలోకి రాకుండా పీసీగానే సభలో కూర్చున్నారు. రిక్ ఫ్రేజర్ విలీనమైన రెండు నెలలకే బయటికి వచ్చి, తర్వాత అల్బర్టా పార్టీలో చేరారు.

చట్టం విషయంలో ఒక వింత కూడా ఉంది. అప్పటి అల్బర్టా ఎన్నికల చట్టంలో పార్టీలు విలీనం కావడానికి వీలే లేదు. అందుకని పీసీ, వైల్డ్‌రోజ్ కాగితాల మీద బతికే ఉన్నాయి. గుర్తింపు పోకుండా 2019 ఎన్నికల్లో ఒక్కో పార్టీ ఒక్కో అభ్యర్థిని నామమాత్రంగా నిలబెట్టాయి. చట్టం మార్చి వాటిని 2020లో యూసీపీలో చట్టబద్ధంగా కలిపారు. పాత పేరు ఎవరిదన్న ఈనాటి గొడవకు మూలం ఇక్కడే ఉంది.

ఒక ఊహాజనిత నియోజకవర్గంలో లెక్క

అర్థం కావడానికి 20,000 ఓట్లు పోలయ్యే నియోజకవర్గం ఒకటి ఊహిద్దాం. ఇవి నేను వేసుకున్న అంకెలు, నిజమైన ఫలితాలు కావు.

విలీనానికి ముందు ఎడమ పార్టీకి 8,000, పల్లె కన్సర్వేటివ్ పార్టీకి 6,500, నగర కన్సర్వేటివ్ పార్టీకి 5,500 ఓట్లు. ఎడమ పార్టీ 40 శాతంతో గెలిచింది. కాగితం మీద కూడితే కన్సర్వేటివ్‌లు 12,000, గెలుపు ఖాయం.

విలీనం జరిగాక నగర కన్సర్వేటివ్ ఓటర్లు 5,500 మందిలో 3,500 మంది కొత్త పార్టీకి వెళ్లారు. 1,000 మంది ఒక చిన్న మధ్యేవాద పార్టీకి వేశారు. 700 మంది ఎడమ పార్టీకి, 300 మంది ఇంట్లోనే ఉండిపోయారు. ఇప్పుడు విలీన పార్టీకి 10,000, ఎడమ పార్టీకి 8,700, మధ్య పార్టీకి 1,000. రెండు వేల మంది చెయ్యిజారినా విలీన పార్టీ గెలిచింది. పార్టీ పెద్దలు చూసేది ఈ గెలుపునే, జారినవాళ్ల లెక్క ఎవరూ తియ్యరు.

తర్వాతి ఎన్నికకు విలీన పార్టీ నాయకుడు మారాడు, కొత్త నాయకుడు ఇంకాస్త కుడివైపు. మధ్య పార్టీకి వేస్తే ఓటు వృథా అవుతుందని తెలిసిన ఆ 1,000 మందీ ఎడమ పార్టీకి మళ్లారు. విలీన పార్టీ నుంచి ఇంకో 400 మంది అటే వెళ్లారు. విలీన పార్టీకి 9,600, ఎడమ పార్టీకి 10,100. సీటు చేతులు మారింది. ఆ 400 మందిని గమనించండి. ఇక్కడ తగ్గి అక్కడ పెరగడం వల్ల తేడాలో వాళ్ల లెక్క 800 అవుతుంది. పూర్తిగా అవతలి పార్టీకి మారే మధ్య ఓటరు ఇంట్లో కూర్చునే ఓటరు కంటే రెండింతలు ఖరీదు.

2019: సొంత పార్టీ పెట్టుకుని చూశారు

ఇల్లు పోయిన పీసీ మధ్యేవాదులు మొదట చేసిన ప్రయత్నం సొంతంగా నిలబడడం. అప్పటికే ఒక్క సీటుతో ఉన్న అల్బర్టా పార్టీని ఎంచుకున్నారు. దాని ఏకైక ఎమ్మెల్యే గ్రెగ్ క్లార్క్ నాయకత్వం వదులుకున్నారు. ఎడ్మంటన్ మాజీ మేయర్, పీసీ మాజీ మంత్రి స్టీఫెన్ మాండెల్ 2018 ఫిబ్రవరిలో నాయకుడయ్యారు. ఎన్డీపీ నుంచి ఒక ఎమ్మెల్యే, యూసీపీ వదిలిన రిక్ ఫ్రేజర్ వచ్చి చేరారు. 2019లో మొత్తం 87 చోట్లా అభ్యర్థులను నిలబెట్టారు.

ఫలితం మొదట్లోనే చెప్పాను. 9.1 శాతం ఓట్లు, సున్నా సీట్లు. గ్రెగ్ క్లార్క్ తన సీటు కూడా నిలుపుకోలేకపోయారు. యూసీపీ 54.9 శాతంతో 63 సీట్లు, ఎన్డీపీ 32.7 శాతంతో 24 సీట్లు గెలిచాయి.

వాళ్ల ఓటమికి కారణం ఓట్లు తక్కువ కావడం ఒక్కటే కాదు. మధ్యేవాదులు ఒక ప్రాంతంలో గుట్టగా ఉండరు. ప్రతి నియోజకవర్గంలోనూ కొద్దికొద్దిగా ఉంటారు. 2015లో పార్టీ బలమంతా గ్రెగ్ క్లార్క్ సీటు మీద పెట్టింది కాబట్టి ఒకటి దక్కింది. 2019లో 87 చోట్ల పరుచుకుంది కాబట్టి దాదాపు అన్ని చోట్లా మూడో స్థానమే. పల్లెల్లో గుట్టగా ఉన్న వైల్డ్‌రోజ్‌కు 2015లో కలిసొచ్చిన ఇదే పద్ధతి మధ్యేవాదులకు శాపమైంది. నిజాయితీగా ప్రయత్నించిన లక్షా డెబ్భై వేల మందికి శాసనసభలో ఒక్క గొంతు కూడా లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే అనిపిస్తుంది.

దేశ స్థాయిలో ఇంతకుముందు జరిగినది

అల్బర్టా విలీనానికి నమూనా 2003 డిసెంబరులో కెనడా దేశ రాజకీయాల్లో జరిగింది. స్టీఫెన్ హార్పర్ నడిపిన కెనడియన్ అలయన్స్, పీటర్ మకే నడిపిన దేశ స్థాయి పీసీ పార్టీ కలిసి కన్సర్వేటివ్ పార్టీ అయ్యాయి. అలయన్స్‌తో కలవను అని నాయకత్వ పోటీలో మకే రాతపూర్వకంగా ఒప్పుకుని, కొన్ని నెలల్లోనే కలిశారు. మాజీ ప్రధాని జో క్లార్క్ కొత్త పార్టీలో చేరలేదు. స్కాట్ బ్రైసన్ లిబరల్ పార్టీకి వెళ్లిపోయారు.

2000 ఎన్నికల్లో ఆ రెండు పార్టీలకు కలిపి 37.7 శాతం ఓట్లు, 78 సీట్లు. విలీనం తర్వాత 2004లో 29.6 శాతం ఓట్లు, 99 సీట్లు. ఓట్లు ఎనిమిది శాతం తగ్గి సీట్లు 21 పెరిగాయి. విలీనం ఓటర్లను పోగొట్టుకుని కూడా లాభపడగలదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు. అల్బర్టాలో అలా జరగలేదు, 52 శాతం కాస్తా 54.9 అయింది. చమురు ధరలు పడిపోయి ఎన్డీపీ పాలనలో ఉద్యోగాలు పోయాయి, ఆ కోపం యూసీపీకి అదనంగా కలిసింది. అందుకే విలీనం వల్ల మధ్యేవాదులు వెళ్లిపోయారా అన్న ప్రశ్నకు 2019 ఫలితం ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. వెళ్లినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు వచ్చి ఉండవచ్చు.

నాయకత్వం మార్పు: 84 వేల మంది నిర్ణయం

కోవిడ్ వచ్చింది. ఆంక్షలు పెట్టారని పార్టీలో కుడివైపు వాళ్లు, ఆలస్యంగా పెట్టి త్వరగా ఎత్తేశారని నగరాల వాళ్లు కెన్నీ మీద కోపం తెచ్చుకున్నారు. 2022 మేలో పార్టీ సభ్యులు ఆయన నాయకత్వంపై ఓటేస్తే 51.4 శాతమే కావాలన్నారు. అంత తక్కువ మద్దతుతో ఉండలేనని తప్పుకున్నారు.

అక్టోబరులో కొత్త నాయకత్వానికి సుమారు 84 వేల మంది ఓటేశారు. ప్రాధాన్య ఓట్ల ఆరో రౌండు లెక్కింపులో 53.8 శాతంతో డానియల్ స్మిత్ గెలిచి ప్రీమియర్ అయ్యారు. 2014లో గోడ దూకి రాజకీయంగా తెరమరుగైన అదే వ్యక్తి. ఆమెకు వచ్చిన ఓట్లు 42 వేల పైచిలుకు. ఏడు నెలల తర్వాత సాధారణ ఎన్నికల్లో ఓటేసినవాళ్లు 17 లక్షలకు పైగా.

ముందు చెప్పిన రెండో తేడా ఇక్కడ పనిచేస్తుంది. పార్టీ సభ్యులు సాధారణ ఓటర్లకు నమూనా కాదు. రుసుము కట్టి సభ్యత్వం తీసుకుని, ఆన్‌లైన్‌లోనో పోస్టులోనో ఓటు పంపేంత పట్టుదల గట్టి అభిప్రాయాలున్నవాళ్లకే ఉంటుంది. పాత పీసీ పార్టీలో ఇదే పద్ధతి మధ్యేవాదులకు మేలు చేసింది, ఎందుకంటే అప్పుడు వాళ్లు పార్టీలోనే ఉన్నారు, నాయకత్వ ఎన్నికప్పుడు కొత్తగా చేరేవాళ్లు కూడా. విలీనమయ్యాక చాలామంది వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్లకు లోపల ఓటు లేదు. అలా ఒక విడత నిష్క్రమణ తర్వాతి నాయకుణ్ని మరింత కుడివైపు తెచ్చింది, అది ఇంకో విడత నిష్క్రమణకు దారి తీసింది. విలీనమూ నాయకత్వ మార్పూ రెండు వేర్వేరు సంఘటనలుగా చెబుతారు గానీ, మొదటిదాని ఫలితమే రెండోదని నేను అనుకుంటున్నాను.

స్మిత్ వచ్చీ రాగానే టీకా వేయించుకోనివాళ్లు తన జీవితకాలంలో చూసిన వాళ్లందరిలోకీ ఎక్కువ వివక్షకు గురయ్యారని అన్నారు. డిసెంబరులో కేంద్ర చట్టాలను అల్బర్టా అడ్డుకోవడానికి వీలుగా సార్వభౌమత్వ చట్టం తెచ్చారు. ఆమె మద్దతుదారులకు ఇది ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, పెత్తనానికి జవాబు. కాల్గరీ శివారు ఓటర్లలో చాలామందికి టెన్షన్.

2023: ఎన్డీపీలో కూడిన మధ్యేవాదులు

ఎన్డీపీ నాయకురాలు రేచల్ నాట్లీ ఈ ఒక్కసారికి మీ ఓటు మాకు అరువివ్వండి అని కన్సర్వేటివ్‌లను నేరుగా అడిగారు. పీసీ ప్రభుత్వంలో ఉపప్రీమియర్‌గా పనిచేసిన థామస్ లుకాషుక్ లాంటివాళ్లు బహిరంగంగా మద్దతు పలికారు.

2019 నుంచి 2023కి మార్పు చూడండి. అల్బర్టా పార్టీ 9.1 నుంచి 0.7కి, అంటే 8.4 తగ్గింది. యూసీపీ 54.9 నుంచి 52.6కి, 2.3 తగ్గింది. ఎన్డీపీ 32.7 నుంచి 44.0కి, 11.3 పెరిగింది. తగ్గిన రెండూ కూడితే 10.7. చూడ్డానికి లెక్క సరిపోయినట్టే ఉంది. కానీ ఒక హెచ్చరిక. ఇవి రాష్ట్రం మొత్తం శాతాలు, మనుషుల కదలికలు కావు. మధ్యేవాద ఓటర్లు కొందరు యూసీపీకి తిరిగి వెళ్లి ఉండవచ్చు, అంతకంటే ఎక్కువ మంది యూసీపీ వాళ్లు ఎన్డీపీకి వెళ్లి ఉండవచ్చు, కొత్త ఓటర్లూ ఉంటారు. మొత్తం అంకె ఒకేలా వస్తుంది.

కదలిక ఎక్కడ జరిగిందో మాత్రం సీట్లు చెబుతాయి. ఎడ్మంటన్ 20 సీట్లూ ఎన్డీపీకే. 2019లో 26లో 23 సీట్లు యూసీపీకి ఇచ్చిన కాల్గరీ ఈసారి ఎన్డీపీకి 14, యూసీపీకి 12 ఇచ్చింది. కాల్గరీ అకేడియా, కాల్గరీ గ్లెన్‌మోర్‌లలో 50 లోపు ఓట్ల తేడాతో యూసీపీ ఎమ్మెల్యేలు ఓడిపోయారు. పల్లెలూ చిన్న పట్టణాలూ దాదాపు పూర్తిగా యూసీపీతోనే ఉండి 49 సీట్లతో ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. ఆ ఎన్నికల్లో ప్రసాద్ పాండా కూడా ఎన్డీపీ చేతిలో ఓడిపోయారు.

దీన్ని ఎవరు ఎలా చూస్తున్నారు

పాత పీసీ వాళ్ల మాట ఒకటే. మేము కదల్లేదు, పార్టీ కదిలింది. లౌహీడ్ కట్టిన పార్టీని కొనసాగిస్తున్నామని యూసీపీ చెప్పుకోవడం వాళ్లకు మింగుడుపడదు.

యూసీపీ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. అన్ని వివాదాల తర్వాత కూడా 52.6 శాతం మంది మాకే ఓటేశారు, సగానికి పైగా జనాన్ని అతివాదులంటారా అని అడుగుతారు. 2015లో 40 శాతంతో ఎన్డీపీ పూర్తి అధికారం అనుభవించింది, విలీనం ఆ అన్యాయాన్ని సరిచేసిందంటారు. మధ్యేవాదం పేరుతో నగరాల వాళ్లు తమ అభిప్రాయాన్నే అందరి అభిప్రాయంగా చూపిస్తున్నారన్న ఫిర్యాదు పల్లెల్లో బలంగా ఉంది. అందులో కొంత నిజం ఉంది.

ఎన్డీపీలోనూ అందరూ సుఖంగా లేరు. కన్సర్వేటివ్‌ల కోసం పార్టీని మార్చుకుంటూ పోతే కార్మికుల పార్టీగా మిగిలేది ఏమిటని పాతవాళ్ల బాధ. 2024 జూన్‌లో కాల్గరీ మాజీ మేయర్ నహీద్ నెన్షీ 86 శాతం ఓట్లతో ఎన్డీపీ నాయకుడయ్యారు. అంతకుముందు ఆయన ఏ పార్టీ మనిషీ కాదు. 2025లో అల్బర్టా ఎన్డీపీ సభ్యులు దేశ స్థాయి ఎన్డీపీ సభ్యత్వం వద్దనుకుంటే వదులుకునే వీలు కల్పించుకున్నారు. కొత్తగా వచ్చిన మధ్యేవాదుల కోసమే తలుపు వెడల్పు చేశారని చెప్పుకోవచ్చు. సభ్యత్వం ద్వారా నాయకుణ్ని మార్చే పద్ధతి యూసీపీని కుడివైపు తీసుకెళ్తే, ఎన్డీపీని మధ్యకు తెచ్చింది.

ఇప్పుడు మూడు చోట్ల కూడుతున్నారు

ఒకటి నెన్షీ ఎన్డీపీ. రెండోది పార్టీలకు బయట. విడిపోవాలన్న ఉద్యమానికి వ్యతిరేకంగా లుకాషుక్ 2025లో కెనడాలోనే ఉందామనే పిటిషన్ నడిపితే నాలుగు లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఓటు ఎటు వేసినా, ఈ ఒక్క విషయంలో కలుద్దాం అన్నవాళ్లు వాళ్లు.

మూడోది పాత పార్టీ పేరును బతికించే ప్రయత్నం. ఆసుపత్రుల కొనుగోళ్ల వివాదంపై స్మిత్ మంత్రివర్గానికి రాజీనామా చేసి, తర్వాత పార్టీ నుంచి బహిష్కరణకు గురైన పీటర్ గత్రీ, బడ్జెట్‌ను వ్యతిరేకించి వేటు పడిన స్కాట్ సింక్లెయిర్ కలిసి 2025 జులైలో పీసీ పార్టీని తిరిగి తెస్తామన్నారు. ఆ పేరు విలీనంతో మాకు వచ్చింది, వాడితే ఊరుకోం అని యూసీపీ అడ్డుపడింది. ఆ ఏడాది చివరికల్లా వాళ్లు అల్బర్టా పార్టీ ద్వారానే ప్రోగ్రెసివ్ టోరీ పార్టీ ఆఫ్ అల్బర్టాగా బయటికి వచ్చారు. 2019లో సున్నా సీట్లతో మిగిలిన అదే పార్టీ, కొత్త పేరుతో.

ఇది ఎవరికి లాభమో పేరును బట్టి చెప్పలేం. ఎన్డీపీ 200 ఓట్ల తేడాతో గెలవబోయే ఒక కాల్గరీ నియోజకవర్గాన్ని ఊహించండి. కొత్త పార్టీకి అక్కడ 900 ఓట్లు వచ్చాయనుకుందాం. అందులో 600 మంది లేకపోతే ఎన్డీపీకి, 300 మంది యూసీపీకి వేసేవాళ్లయితే ఎన్డీపీ 100 ఓట్లతో ఓడిపోతుంది. అంటే యూసీపీని దింపాలని ఓటేసినవాళ్లే దాన్ని గెలిపిస్తారు. అదే 600 మంది యూసీపీ వైపు నుంచి వస్తే ఎన్డీపీ ఆధిక్యం 500 అవుతుంది. పల్లెల్లో యూసీపీ మీద అలిగినవాళ్లు ఎన్డీపీకి ఎలాగూ వెయ్యరు, వాళ్లు ఈ పార్టీకి వస్తే లెక్క రెండో రకంగా ఉంటుంది. నగరాల్లో నెన్షీకి వేద్దామనుకున్నవాళ్లు వస్తే మొదటి రకంగా. కాబట్టి 2027 అక్టోబరు 18న ఆ పార్టీకి ఎన్ని శాతం ఓట్లు వచ్చాయన్నదానికంటే, కాల్గరీలో ఎవరి ఓట్లు తెచ్చుకుంది, కాల్గరీ బయట ఎవరివి తెచ్చుకుందన్నదే చూడాల్సిన అంకె.